పళ్ళు రాని పదకొండు ప్రాణులు

సముద్రపు స్పాంజి జంతువని మా కేంద్రం ఫైళ్ళలో మొదట రాసినవాణ్ణి నేనే. రాసినప్పుడు నాకు ఏ దురుద్దేశమూ లేదు. ఇరవై రెండేళ్ళ సర్వీసులో దురుద్దేశంతో నేను రాసిన నోటు ఒక్కటీ లేదు. జరిగిన నష్టాలన్నీ సదుద్దేశంతో రాసినవాటి వల్లనే జరిగాయి.

మాది సాగర ఔషధ వనరుల పరిశోధనా కేంద్రం. విశాఖపట్నానికి ఉత్తరంగా బీచి రోడ్డు పక్కన, సముద్రం కనబడకుండా ఎత్తయిన ప్రహరీ కట్టుకున్న రెండంతస్తుల మేడ. సముద్ర జీవుల నుంచి మందులు కనిపెట్టడం మా పని. పదిహేనేళ్ళలో మందైతే ఏదీ బయటికి రాలేదు గానీ, వార్షిక నివేదికలు పదిహేనూ వేళకి వచ్చాయి. నేను పరిపాలన విభాగం సూపరింటెండెంటుని. పేరు గొర్లె లక్ష్మున్నాయుడు. నా సంతకం లేకుండా గుండుసూది కూడా స్టోరు గది దాటదు.

ఇంతమంది ఉన్న కేంద్రంలో నిజంగా పని చేసేది డాక్టర్ కాత్యాయని ఒక్కతే. ఎందుకంటే ఆవిడది కాంట్రాక్టు ఉద్యోగం. నాలుగేళ్ళుగా ఒక నారింజ రంగు స్పాంజి మీద కూర్చుంది. ఒకసారి నాకు ఓపిగ్గా చెప్పింది కూడా.

"స్పాంజి పుట్టిన కొన్నాళ్ళకే ఒక బండ పట్టుకుంటుందండీ. ఇక చచ్చేదాకా కదలదు. పారిపోలేదు, కరవలేదు, ముల్లు కూడా లేదు. మరి తినడానికి వచ్చేవాటి నుంచి ఎలా తప్పించుకోవాలి? ఒంట్లోనే రకరకాల రసాయనాలు తయారు చేసుకుంటుంది. వాటిలో కొన్ని మనకు మందులుగా పనికొస్తాయి."

ఆవిడ నారింజ స్పాంజి సారం అలాంటిదే. ఆసుపత్రుల్లో పుండ్లలో చేరి, ఉన్న మందులు వేటికీ లొంగని ఒక మొండి సూక్ష్మజీవిని ఆ సారం గాజు పళ్ళెంలో ఆరు గంటల్లో చంపేసింది. "ఇది మందు కాదండీ ఇంకా. మందు కావడానికి పదేళ్ళు పట్టొచ్చు, కాకపోనూ వచ్చు. కానీ దారి ఉంది" అంది. అలా అన్నప్పుడు ఆవిడ మొహం చూస్తే నాకు ముచ్చటేసింది.

ఆ దారిలో తర్వాతి మజిలీ హైదరాబాదులో ఒక పెద్ద ప్రయోగశాల. మార్చి ముప్పై ఒకటి లోగా శుద్ధి చేసిన నమూనా పంపితే వాళ్ళు పరీక్షిస్తారు. ఫలితం బాగుంటే ప్రాజెక్టు పొడిగింపు ఉంటుంది. పంపకపోతే ఆ రోజుతో ప్రాజెక్టు ఆఖరు, ఆవిడ ఉద్యోగమూ ఆఖరు. కిలో స్పాంజి నుంచి ఆవగింజంత సారం వస్తుంది కాబట్టి పదకొండు పెద్ద స్పాంజిలు కావాల్సొచ్చాయి. పక్క పాలెంలో ఉండే గరికిన దానయ్య ఫిబ్రవరిలో నీళ్ళు తేటపడ్డాక మునిగి, వాటిని బండ మీద నుంచి ఒలిచి, బకెట్లలో సజీవంగా తెచ్చి మా తొట్టెలో వేశాడు. ఇక వాటిని స్పిరిట్‌లో నానబెట్టడమే తరువాయి.

స్పిరిట్ కావాలన్న ఇండెంటు నా బల్ల మీదికి వచ్చింది. ఆ నెల నుంచే కొత్త ఫారం. అందులో కొత్తగా ఒక గడి: నమూనా స్వభావం - మొక్క, జంతువు, ఖనిజం; వర్తించనివి కొట్టివేయండి. మామూలుగా అయితే నేనే 'మొక్క' ఉంచేసి మిగతా రెండూ కొట్టేసేవాణ్ణి. కానీ కాత్యాయని ఎదురుగానే కూర్చుంది కాబట్టి మర్యాద కోసం అడిగాను.

"జంతువేనండీ. కదలదు గానీ జంతువే" అంది.

నాకు అనుమానం వచ్చింది. అనుమానం వచ్చిన ఉద్యోగి దాన్ని తనలో ఉంచుకోకూడదు, పైకి పంపాలి. కాబట్టి ఇలా రాశాను: "సదరు స్పాంజిలు జంతువులని శాస్త్రవేత్త మౌఖికంగా ధ్రువీకరించినందున, సజీవ జంతువులు పదకొండింటిని స్పిరిట్‌లో ముంచుటకు అనుమతి అవసరమా, కాదా అను విషయమై తగు ఉత్తర్వుల నిమిత్తం సమర్పించడమైనది."

మా డైరెక్టరు గారు అంతకు ముందు వారమే కరుణాపూర్వక పరిశోధన మీద మూడు రోజుల శిక్షణ పొంది వచ్చారు. అక్కడ ఇచ్చిన కుందేలు బొమ్మ బ్యాడ్జీ ఇంకా జేబుకు ఉంది. నా నోటు చదివి అత్యవసర సమావేశం పెట్టారు.

"ఇన్నేళ్ళుగా ఈ సంస్థలో జంతువులను మొక్కలుగా చూశాం. ఇది చారిత్రక తప్పిదం. దీన్ని వెలికితీసిన లక్ష్మున్నాయుడు గారిని అభినందిస్తున్నాను" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

కాత్యాయని లేచి, ప్రయోగ జంతువుల నిబంధనలు వెన్నెముక ఉన్నవాటికేననీ, స్పాంజికి వెన్నెముక లేదనీ, నరాలు లేవనీ, మెదడు లేదనీ, నొప్పి తెలియదనీ చెప్పింది.

"మెదడు లేదన్న కారణంగా ఎవరి హక్కులనూ తీసేయలేమమ్మా. అలా మొదలుపెడితే ఎక్కడ ఆగుతాం?" అన్నారు డైరెక్టరు గారు. సమావేశంలో ఎవరూ తలెత్తలేదు.

మర్నాడు తొట్టెను ప్రయోగ జంతువుల కోసం కట్టిన జంతుశాలకు మార్చారు. పైన ఫ్యాను బిగించారు. 'నిశ్శబ్దం పాటించండి' అని బోర్డు పెట్టారు. జంతుశాలలో ఉండే ప్రాణికి మేత ఇవ్వాలి కాబట్టి, ఒక్కోదానికి రోజుకి పావుకిలో చొప్పున పచ్చగడ్డి మంజూరు చేశారు. పొద్దున్నే తొట్టె పక్కన పదకొండు చిన్న మోపులు పెట్టేవాళ్ళు, సాయంత్రం తీసేవాళ్ళు. రిజిస్టరులో 'మేత ముట్టలేదు' అని రాసేవాళ్ళు. పది రోజులు వరసగా మేత ముట్టకపోతే పశువైద్యుణ్ణి పిలవాలి. పిలిచాం.

డాక్టర్ ఫల్గుణరావు మండల పశువైద్యశాలలో పనిచేస్తారు. గేదెల విషయంలో ఆయన చెయ్యి మంచిదని పేరు. వచ్చి, తొట్టె పక్కన గొంతుక్కూర్చుని చాలాసేపు చూశారు.

"తలెటుంది తల్లీ వీటికి?"

"తల లేదండీ" అంది కాత్యాయని.

"పోనీ తోక?"

"అదీ లేదండీ."

ఆయన నా వైపు తిరిగి, "ఏటండి నాయుడు గారూ, ఎటేపు నుంచి మొదలెట్టాలో తెలియకపోతే ఎలాగండి?" అని, ఆరోగ్య ధ్రువపత్రం ఫారం తీశారు. అందులో ఏ గడీ ఖాళీగా వదలకూడదు, వదిలితే కంప్యూటరు తీసుకోదు. రంగు: నారింజ. కొమ్ములు: లేవు. నడక: లేదు. నెమరు: వేయుట కానరాలేదు. పళ్ళు అన్న గడి దగ్గర ఆగారు.

"పళ్ళు లేవు. పళ్ళు లేకపోతే మా ఫారం ప్రకారం నెల లోపు దూడ."

"డాక్టరు గారూ, ఆ మూలనున్న పెద్దది మీకంటే వయసులో పెద్దదై ఉంటుందండీ!" అంది కాత్యాయని.

"ముసలిదైతే పళ్ళు ఊడినట్టు చిగురు మీద గుర్తులుండాల తల్లీ. చిగురే లేదు కదా. ఇవి దూడలే" అని పదకొండింటికీ అలాగే రాసి సంతకం పెట్టారు. ఆయనను తప్పు పట్టను. ముప్పై ఏళ్ళుగా పళ్ళు చూసి వయసు చెప్పిన మనిషి, స్పాంజి కోసం కొత్త పద్ధతి ఎక్కణ్ణుంచి తెస్తాడు?

ధ్రువపత్రం ఉన్న ప్రతి పశువుకూ పన్నెండంకెల చెవి బిళ్ళ ఉండాలి. చెవి ఉండవలసిన చోటుగా ఫల్గుణరావు గారు పైభాగంలో ఎడమ పక్కను నిర్ణయించి బిళ్ళలు బిగించారు. బిగిస్తుంటే మూడు స్పాంజిల నుంచి ముక్కలు ఊడి నీళ్ళలో పడ్డాయి. ఆయన కంగారుపడ్డారు.

"పరవాలేదండీ. స్పాంజి ముక్క పడితే, ఆ ముక్కే ఇంకో స్పాంజిగా పెరుగుతుంది" అని కాత్యాయని ఆయన్ను సముదాయించింది.

ఆ పిల్లకి నోరు జారడం ఒక్కటే లోపం. ఆఫీసులో శాస్త్రం మాట్లాడకూడదు. ఆ సాయంత్రం రిజిస్టరులో మూడు జననాలు నమోదయ్యాయి. డైరెక్టరు గారు సిబ్బందికి కాజాలు పంచి, "మన సంరక్షణలో సంతానోత్పత్తి ప్రారంభమైంది" అని పైకి లేఖ రాయించారు. నెల నిండని దూడలు ఈనడం ఎలాగని పైనుంచి ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో నేను ముందుగానే రాసి పెట్టుకున్నాను: విషయం పరిశీలనలో ఉన్నది.

వాళ్ళు అది అడగలేదు. ఇంకొకటి అడిగారు. కొత్తగా పుట్టిన మూడింటికీ తల్లులు రికార్డులో ఉన్నారు. మొదటి పదకొండు దూడల తల్లులేరి? పాలు మరవని పిల్లను తల్లి సమక్షంలో తప్ప ప్రయోగానికి వాడరాదని నిబంధన ఉంది. తల్లులను హాజరు పరచండి.

అప్పటికి మార్చి నాలుగో తేదీ. దానయ్యను వాంగ్మూలానికి పిలిపించారు. పాపం ఉతికిన లుంగీ కట్టుకుని, తల దువ్వుకుని వచ్చాడు. డైరెక్టరు గారే స్వయంగా ప్రశ్నలు వేశారు. నేను రాసుకున్నాను.

"ఈ పదకొండింటి తల్లి ఎవరో మీకు తెలుసా?"

"ఏటి బాబూ?" అన్నాడు దానయ్య. నేను ప్రశ్న మళ్ళీ చదివాను. "నానేటి సెప్పగల్నండి? బండకి అంటుకునున్నాయి. గీరి ఒలుసుకొచ్చినాను."

"ఎంతకాలంగా అంటుకుని ఉన్నాయి?"

"మా అయ్య కాలం నుంచీ సూత్తన్నాం బాబూ. ఆటుకీ అక్కడే ఉన్నాయి, పోటుకీ అక్కడే ఉన్నాయి."

"ఒక్కసారి కూడా వదలలేదా?"

"వదిల్తే ఏటుంటాదండి, అలకి కొట్టుకుపోవా? ఆ బండున్నాది కాబట్టే బతికున్నాయి."

డైరెక్టరు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "తల్లిని కాకపోతే ఎవరైనా ఇంకెవరిని అంతగా పట్టుకుని ఉంటారు లక్ష్మున్నాయుడు గారూ? రాసుకోండి. తల్లి: బండ."

రాసుకున్నాను. దానయ్య వేలిముద్ర వేసి, బయటికొచ్చాక నన్ను పక్కకు పిలిచి, "నాయుడు బాబూ, ఈ బాబుకి ఇంటికాడ అంతా బాగానే ఉన్నాదా?" అని నిజంగా జాలిపడుతూ అడిగాడు.

తల్లిని తీసుకురావాలంటే బండను పెకలించాలి. బండ గనుల శాఖ పరిధిలోకి వస్తుంది. లేఖ రాశాం. గనుల శాఖ వెంటనే, అంటే తొమ్మిది రోజుల్లో, జవాబిచ్చింది: సదరు బండ ఏ గ్రామ పరిధిలో, ఏ సర్వే నంబరులో ఉన్నదో తెలుపవలెను. సముద్రంలో సర్వే నంబరు ఎక్కడుంటుంది? రెవిన్యూ శాఖకు రాశాం. వాళ్ళు, సదరు భూమి ప్రస్తుతం ముంపునకు గురై ఉన్నందున నీరు తీసిన పిమ్మట సర్వే చేయగలమని జవాబిచ్చారు.

మార్చి ఇరవై మూడున కాత్యాయని నా బల్ల ముందుకొచ్చి నిలబడింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"రెండు స్పాంజిల అంచులు బూడిద రంగు తిరిగాయండీ. తొట్టెలో ఇన్నాళ్ళు బతకడమే ఎక్కువ. ఇంకో వారమైతే కుళ్ళిపోతాయి. కుళ్ళినవాటిలో సారం ఉండదు. మళ్ళీ తేవాలంటే వచ్చే ఏడు నీళ్ళు తేటపడాలి. అప్పటికి నేనుండను."

"నేనేం చేయగలనమ్మా?" అన్నాను.

"ఏమీ చేయొద్దండీ. మీరు ఆ రోజు ఏమీ చేయకుండా ఉంటే చాలా బాగుండేది" అంది. కోపంగా కూడా అనలేదు, అలిసిపోయి అంది. వెళ్ళిపోయింది.

నాకు సిగ్గేసింది. ఆ రోజు కాత్యాయని మాట నమ్మి జంతువని రాసి ఊరుకుంటే సరిపోయేది. అనుమతి అవసరమా అన్న రెండో ముక్క నా మెడ కాపాడుకోవడానికి రాసిందే, ఇందులో వేరే ఏ సదుద్దేశమూ లేదు. మధ్యాహ్నం క్యారేజీ విప్పబుద్ధి కాలేదు. జంతుశాల నిబంధనల పుస్తకం బీరువాలోంచి తీసి మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టాను. మూడు వందల పన్నెండు పేజీలు. మా ఆఫీసులో దాన్ని ఉటంకించనివాడు లేడు, చదివినవాడూ లేడు.

రెండు రోజులు చదివాను. రెండు వందల ఎనభయ్యో పేజీలో దొరికింది: "జంతువు అనుమానాస్పద రీతిలో మరణించినచో, దాని అంతర్భాగాలను అదే రోజున స్పిరిట్‌లో నానబెట్టి, సారమును రసాయన పరీక్ష నిమిత్తం గుర్తింపు పొందిన ప్రయోగశాలకు పంపవలెను. ఇందుకు ముందస్తు అనుమతి అవసరం లేదు."

మూడుసార్లు చదివాను. హైదరాబాదు ప్రయోగశాలకు గుర్తింపు ఉందో లేదో చూశాను. ఉంది. ఇక కావలసింది మరణమే.

ఇరవై ఆరు పొద్దున్నే ఫల్గుణరావు గారికి కబురు చేశాను. "డాక్టరు గారూ, దూడలు ఉలుకూ పలుకూ లేకుండా పడున్నాయి, ఒకసారి చూడాలి" అన్నాను. అబద్ధం ఒక్క ముక్క లేదు. ఆయన పరుగున వచ్చి మరణ నిర్ధారణ ఫారం తీశారు. స్టెతస్కోపుకి ప్లాస్టిక్ సంచి కట్టి తొట్టెలో ముంచారు.

"నాడి లేదు." రాశారు. "ఊపిరి... ఎక్కడ పెట్టి చూసినా లేదు. రెప్ప ఆడటం లేదు." రాశారు. "పేరు పెట్టి పిలిస్తే పలకాలని ఉంది ఇక్కడ. పేర్లున్నాయా?"

"నంబర్లున్నాయండీ."

పన్నెండంకెలూ చదివి పదకొండింటినీ పిలిచారు. ఒక్కొక్క దాని దగ్గరా ఆగి, జవాబు కోసం చూశారు. చివరిదాన్ని రెండోసారి కూడా పిలిచారు. తర్వాత, ఎవరి పేరున కాజాలు పంచామో ఆ మూడు ముక్కలనూ చూసి, "పసిగుడ్లు కూడానా! ఇంత ఘోరమేటండి నాయుడు గారూ!" అన్నారు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

స్పాంజిలు హాయిగా నీళ్ళు పీలుస్తూనే ఉన్నాయి. కాత్యాయని నోరు తెరిచింది. నేను ఆవిడ పక్కకు వెళ్ళి, "అమ్మా, దణ్ణం పెడతాను. ఈ ఒక్కసారి శాస్త్రం మాట్లాడకండి" అన్నాను.

ఆవిడకు అర్థమైంది. నోరు మూసుకుంది.

"అంతర్భాగాలు వేరు చెయ్యాల. వీటికి లోపలేది, బయటేది తల్లీ?" అని అడిగారు ఫల్గుణరావు గారు.

"వీటికి అంతా లోపలేనండీ" అంది కాత్యాయని. ఆ ఒక్క ముక్కా సరైన చోట మాట్లాడింది.

నలభై లీటర్ల స్పిరిట్ పావుగంటలో స్టోరు గది దాటింది. మధ్యాహ్నానికి జాడీల్లో స్పిరిట్ నారింజ రంగు తిరిగింది. కిందన ఆవిడ సారం తీస్తుంటే, పై అంతస్తులో డైరెక్టరు గారు సంతాప సభ పెట్టి రెండు నిమిషాలు మౌనం పాటింపజేశారు. "అకాల మరణం పొందిన మన చిన్నారులు" అంటూ ఆయన కుందేలు బ్యాడ్జీ మీద చెయ్యి పెట్టుకున్నారు. నాకు ఆయన మీద కాస్త ప్రేమ కూడా పుట్టింది. ముప్పయ్యో తేదీన చిన్న సీసా ఒకటి, 'మరణ కారణ పరీక్ష నిమిత్తం' అన్న లేఖతో హైదరాబాదు చేరింది. ఫలితం వచ్చేదాకా అని కాత్యాయని ఉద్యోగాన్ని మూడు నెలలు పొడిగించారు.

జూన్‌లో రిపోర్టు వచ్చింది. మేం మరణ కారణం అడిగాం కాబట్టి అది నేరుగా డైరెక్టరు గారి పేరు మీద వచ్చింది. ఆయన మొదటి పేరా చదివి కుర్చీలోంచి లేచారు. రెండో పేరా చదవలేదు.

"విషం! పద్నాలుగు మంది ఒంట్లోనూ విషం! మన కప్పు కింద, మన ఫ్యాను కింద!" అన్నారు. రిపోర్టు విచారణలో సాక్ష్యం కాబట్టి దాన్ని కవరులో పెట్టి సీలు వేసి బీరువాలో పెట్టారు. తొట్టె దగ్గరికి రోజూ వెళ్ళిన వ్యక్తి ఒక్కరే కాబట్టి ఆవిడకు మెమో తయారు చేయించారు. వాక్యాలు ఆయనే చెప్పారు, టైపు నేను చేశాను, సంతకం ఆయన పెట్టారు. దాన్ని ఆవిడకు అందజేసి సంతకం తీసుకురావడం కూడా నా పనే.

కింద ల్యాబులో కాత్యాయని బల్ల సర్దుకుంటోంది. గడువు ఇంకా పది రోజులుంది. కాగితం ఇచ్చి నేల చూస్తూ నిలబడ్డాను. ఆవిడ పైకే చదివింది.

"సదరు మృత ప్రాణుల శరీరములయందు అత్యంత శక్తిమంతమగు పదార్థము కలదనియు, అది ఏ ఔషధమునకును లొంగని మొండి సూక్ష్మజీవులను సైతం నాలుగు గంటలలో సమూలముగా చంపగలదనియు ప్రయోగశాల నివేదిక ద్వారా నిస్సందేహముగా రుజువైనందున, సదరు పదార్థము అచటికి ఎట్లు వచ్చెనో మూడు దినములలో సంజాయిషీ ఇవ్వవలెను."

ఆగింది. మళ్ళీ మొదటి నుంచి చదివింది, ఈసారి లోపల్లోపల.

"నాలుగు గంటలా?" అంది. "నా దగ్గర ఆరు పట్టేదండీ."

"సంజాయిషీ నేను రాసి పెడతానమ్మా" అన్నాను. "నా వల్లే వచ్చింది కదా ఇదంతా."

ఆవిడ వినిపించుకోలేదు. స్టూలు మీద కూర్చుండిపోయి మొహం రెండు చేతుల్లో దాచుకుంది. ఏడుస్తోందనుకుని నీళ్ళ గ్లాసు తెచ్చాను. నవ్వుతోంది. కళ్ళు తుడుచుకుని, నా కాపీ మీద తేదీ వేసి చక్కగా సంతకం పెట్టింది.

"నాయుడు గారూ, దీనికి ఇంకో కాపీ దొరుకుతుందా?"

"మెమోకి కాపీ ఎందుకమ్మా?"

"ప్రాజెక్టు పొడిగింపు దరఖాస్తులో ఒక గడి ఉందండీ, పదార్థం పనిచేస్తుందని సంస్థ అధిపతి ధ్రువీకరించాలి. నాలుగేళ్ళుగా అడుగుతున్నాను, పరిశీలిస్తామన్నారే గానీ ఒక్క వాక్యం రాసివ్వలేదు. ఇప్పుడు నిస్సందేహముగా అని రాసి సంతకం కూడా పెట్టారు."

నేను పైకి వెళ్ళి నాలుగు కాపీలు తీశాను. అన్నిటి మీదా 'నిజ ప్రతి' అని రాసి, గుండ్రటి ముద్ర వేసి, ఎవరి అనుమతీ అడక్కుండా తెచ్చి ఇచ్చాను.